చీర పేలిక, తాటి పీచు

1. చెక్‌పోస్టు దగ్గర లైటు పోయింది. కరెంటు ఆఫీసుకు చెప్పాలి.
2. తప్పిపోయిన రెండు ఆవులు. పై ఊరివాళ్ళను పిలిపించాలి.
3. జాతర బందోబస్తుకు మనుషుల పేర్లు పంపాలి.
4. కోర్టు సమన్లు ఐదు. ఇచ్చి రావాలి.
5. జీపు ముందు చక్రం మార్పించాలి.
6. ఉసిరికోన మునిప్రసాద్ ఫోన్ చేసినాడు. పందుల సంగతి. తొందరేమీ లేదు.

ఇది నిన్నటి జాబితా. మా స్టేషన్ రైటర్, హెడ్ కానిస్టేబుల్ హరినాథ్, చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఎస్సైనైన నా బల్ల మీద పెడతాడు. అయిన పనికి నేను ఆకుపచ్చ సిరాతో గీత పెడతాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. పని మిగిలిపోతే పరీక్షలో ప్రశ్న వదిలేసి వచ్చినట్టుంటుంది నాకు. నిన్న ఐదింటికి గీత పడింది. ఆరోది ఉండిపోయింది. తొందరేమీ లేదని రాసి ఉంది కదా, రేపు చేద్దాంలే అనుకున్నాను.

ఈ ఉదయం ఆరూ పన్నెండుకు మునిప్రసాద్ తన చెనక్కాయ చేనులో తుపాకి దెబ్బకు చనిపోయాడు.

నేను ఉసిరికోన చేరేసరికి ఏడు. కొండ మీంచి దిగిన మంచు చేను మీద పరిచిన గుడ్డలా ఉంది. పక్కన మామిడి తోపు పూత మీద ఉంది. ఆ తియ్యటి వాసనలో నడుస్తుంటే నేనింకా నిద్ర లేవలేదేమో, ఇదంతా కలలో జరుగుతోందేమో అనిపించింది. మునిప్రసాద్ పక్కకు ఒత్తిగిలి పడుకున్నట్టే ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. ఛాతీ కింద మట్టి మాత్రం వేరే రంగులో ఉంది.

అతని పక్కన కుప్పయ్య కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళు. చుట్టుపక్కల పొలాలకు పందుల కాపలా ఆయనే. పంట కాపాడుకోవడానికి లైసెన్సు ఇచ్చిన పాత తుపాకి, మూతిలోంచి మందు దట్టించేది, ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. నన్ను చూసి రెండు చేతులతో దాన్ని ముందుకు చాచాడు.

"నేనే సంపినానమ్మా. పందనుకున్నా. నన్ను తీసుకొనిపో."

హరినాథ్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. తెల్లవారుజాము బీటు అటువైపే పడిందట. "చప్పుడు ఇని పరిగెత్తుకొచ్చినా మేడం. అప్పటికే పానం పోయింది," అన్నాడు మెల్లగా.

తొమ్మిదికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అమర్‌నాథ్ తిరుపతి నుంచి వచ్చాడు. హత్య కేసు ఆయన చేతికే పోతుంది. చేను గట్టు మీద నిలబడే తేల్చేశాడు.

"ముద్దాయి ఒప్పుకున్నాడు. తుపాకి ఉంది. శవానికి తొమ్మిది అడుగుల్లో తుపాకిలో మందు మీద కూరే గుడ్డముక్క కూడా దొరికింది. నాలుగున్నరకు మెజిస్ట్రేటు ముందు పెడతా. ఇంకేం కావాల మోహనా?"

"ఊళ్ళో రెండు చప్పుళ్ళు విన్నారంట సార్."

"ఏనుగులకు టపాసులు కాల్చే ఊరు ఇది. ఒకటి తుపాకి, ఒకటి టపాసు. లెక్క సరిపోయిందా?"

నాకు సరిపోలేదు. పాలకేంద్రంలో పాలు కొలిచే ఏబెల్ దగ్గరికి వెళ్ళాను. అతని మిషన్ ప్రతి చీటీ మీద టైము అచ్చు వేస్తుంది.

"మొదటి చప్పుడుకు చెంగమ్మ చెంబు వొలకబోసుకునింది మేడం," అన్నాడు ఏబెల్, చీటీల నకళ్ళు తిరగేస్తూ. "ఇదో ఆమె చీటీ. ఆరూ తొమ్మిది. రెండోది దీని తర్వాత చీటీ చింపేటప్పుడు. ఆరూ పన్నెండు."

"టపాసు చప్పుడా?"

"టపాసయితే టప్పుమంటాది. రెండూ ఒకే మాదిరి, దుప్పటి దులిపినట్టు ఉన్నాయి."

మూడు నిమిషాలు. ఆ అంకె రాసుకుని స్టేషన్‌కు వచ్చాను.

పదకొండుంబావుకు కుప్పయ్యను నా గదిలో బెంచీ మీద కూర్చోబెట్టాను. హరినాథ్‌ను టీ తెమ్మని పంపాను. ముసలాయన చూపు కిటికీలోంచి ఎక్కడికో పోయి ఉంది.

"ఏం అడగతావమ్మా? చెప్పినా గదా."

"చంపిన సంగతి వద్దు తాతా. నీ తుపాకి సంగతి చెప్పు. నువ్వు ఎట్లా పోతావు కాపలాకు, ఏమేం తీసుకుపోతావు?"

ఆయన నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. ఇంత పెద్ద నేరం చేసినవాడిని ఎవరైనా ఇది అడుగుతారా అన్నట్టు. తర్వాత మాట దానంతటదే వచ్చింది, నిద్రలో మాట్లాడినట్టు.

"చెప్పుల్లేకుండా పోతా. ధనంజయ ఉండాడే, ఆ రెండు గొట్టాల తుపాకి ఆయప్ప, మోకాళ్ళ దాకా బూట్లేసి, తలకు లైటు కట్టుకొని పెండ్లికొడుకు మాదిరి పోతాడు. పందులు ఆయన్ని సూసి నవ్వుకుంటా పోతాయి. నాకు లైటు వద్దు. ఒకసారి లైటేసి కాలిస్తే మెరిసిన కండ్లు మా దూడవి. ఆ పొద్దు నుంచి తెల్లారే దాకా గుండు వదల్ను. మసక వెలుతుర్లో గురి కనపడాల గదా, అందుకని తుపాకి మూతి మింద ఇంత సున్నం చుక్క పెడతా. వక్కాకు తిత్తిలో ఎట్లాగూ ఉంటాది సున్నం. తెల్లంగా కనపడతాది."

"కప్పుకోవడానికి?"

"గొంగళి. దుప్పటి గాలికి పటపటమంటాది. గొంగళి గమ్మునుంటాది."

"మందు మీద ఏం పెట్టి దట్టిస్తావు?"

"తాటి పీచు. ఉండ చేసి, కొంచెం తేనె మైనం పూసి. ముందు గుడ్డే పెట్టేవాణ్ణి. ఒకసారి ఆ గుడ్డ నిప్పంటుకొని పోయి మునస్వామి గడ్డివామి మింద పడింది. వామి వామంతా బూడిద. ఆయప్ప ఏడాది నాతో మాట్లాడలే. ఇంక గుడ్డ ముట్టుకోలే నేను."

నేను సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాను. శవానికి తొమ్మిది అడుగుల్లో దొరికిన ముక్క. సగం కాలిన గుడ్డ. అమర్‌నాథ్ దాని మీద 'కుప్పయ్య తుపాకిది' అని చీటీ అంటించాడు.

కుప్పయ్య వంగి చూశాడు. కవరును వెలుతురుకు పట్టుకున్నాడు. ఆయన ముఖంలో భయం కాదు, ఏదో పాత పరిచయం కనిపించింది.

"ఇది నాది కాదు," అన్నాడు. "ఇది చిన్నబ్బది."

"చిన్నబ్బ ఎవరు? ఎక్కడ ఉంటాడు?"

"యాడుంటాడమ్మా. సచ్చిపోయి రెండేండ్లాయె. నేనే మోసినా."

బయట ఎవరి సైకిలో గంట కొట్టుకుంటూ పోయింది.

"ఆయనదని ఎట్లా చెప్తావు?"

"ఇట్ల మడత పెట్టేది ఆయప్పొక్కడే. పాత చీర పేలిక. అంచు లోపలికి పెట్టి మూడు మడతలు. కొసన పంటితో కొరికి తెంపేది. చిన్నబ్బకు పీచంటే పడదు. ఒకపొద్దు వానలో చెట్టెక్కి కూర్చోనుంటే పీచు నానిపోయి, తుపాకి కిందికి వంచేసరికి గుండు జారి కింద పడిపోయిందంట. ఏమీ లేని తుపాకితో తెల్లారిందాకా చెట్టు మిందే కూర్చున్నాడు. అంచు లోపలుంటే గుడ్డ బిగిసి నిలబడతాదని ఆయప్పే కనిపెట్టినాడు. ఎవురి దెబ్బ వాళ్ళకు నేర్పతాది."

"ఆ పని ఇంకెవరికైనా నేర్పాడా?"

"ఒక్కడికే. వాళ్ళక్క కొడుకు. చిన్నప్పుడు బడి సెలవులకు వచ్చేవాడు. బుజ్జిగాడు అనేవాళ్ళం. అసలు పేరు తెలీదు. నలభై ఏండ్ల నాటి మాట. పెద్దోడై యాడో ఉజ్జోగమని ఇన్నా."

"పొద్దున కాల్చినాక వెంటనే లేచి పోయినావా నువ్వు?"

"పోగూడదు. దెబ్బ తిన్న పంది మిందికొస్తాది. మా నాయన ఆగలేక పోయి తొడ చీల్పించుకున్నాడు. కాల్చినాక ఒక వక్కాకు నమిలేంత సేపు కూసోవాల. ఈ అడివి పక్కన తుపాకి పట్టినోళ్ళకంతా తెలుసు."

"ఆ కూర్చున్నప్పుడు ఇంకో చప్పుడు వినలేదా?"

"నా తుపాకి పేలితే నాకు రెండు చెవులూ గుయ్యిమంటాయమ్మా. పక్కన ఉరుము పడినా తెలీదు. వక్కాకు ఉమ్మేసి పొగమంచులో నడుసుకుంటా పోతే..." ఆయన కవరును బల్ల మీద పెట్టేశాడు. "పిల్లోడు పడుండాడు. నేనెత్తుకొని ఆడించిన పిల్లోడు."

హరినాథ్ టీ తెచ్చాడు. గ్లాసు కాలకుండా ఒక పాత గుడ్డ మడిచి పట్టుకున్నాడు. నా ముందు గ్లాసు పెట్టి, గుడ్డను జేబులో పెట్టుకున్నాడు. టీ మీద అప్పటికే మీగడ కట్టి ఉంది. చల్లారిపోయింది. కొట్టు ఎదురుగానే కదా, ఎందుకు చల్లారిందో అనుకున్నాను. అంతకు మించి అనుకోలేదు.

ఒంటిగంటకు మళ్ళీ చేనులో ఉన్నాను. కుప్పయ్య చెప్పిన గుర్తులు పట్టుకుని నడిచాను. విరిగిన కొమ్మ మామిడి చెట్టు, దాని కింద గొంగళి పరిచిన చోట అణిగిన గడ్డి, పక్కనే ఎర్రగా వక్కాకు ఉమ్ము. ఒకే చోట, గుంపుగా. మనిషి కదలకుండా కూర్చుని నమిలాడు. అక్కడి నుంచి ఎడమ వైపుకు పన్నెండు అడుగుల్లో తాటి పీచు ఉండ దొరికింది, ఒకపక్క మాడి. అదే దిక్కులో ఇంకా ముందుకు పోతే తోపు చివరి చెట్టు మొదట్లో, మోకాలెత్తున, వేలు పట్టేంత చిల్లు. చుట్టూ జిగురు కారుతోంది. ముట్టుకుంటే వేలికి అంటుకుంది.

మునిప్రసాద్ పడిన చోటు కుప్పయ్య కూర్చున్న చోటికి కుడి వైపున ఉంది. నూట ఇరవై అడుగులు.

"దాగుడుమూతలు ఆడతా ఉండావా?"

వెనక నుంచి అమర్‌నాథ్. ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని, టేపుతో పటం గీయడానికి వచ్చాడు.

"గుండు ఈ చెట్టులో ఉంది సార్. కుప్పయ్య కొట్టింది దీన్ని. పీచు కూడా ఇటే పడింది."

"ఆ చిల్లు ఎప్పటిదో."

"జిగురు తడి ఆరలేదు సార్."

ఆయన వేలు పెట్టి చూశాడు. ముఖం మారలేదు. "సరే. మొదటిది చెట్టుకు, రెండోది మనిషికి. ఇంకా గట్టిగా బిగిసింది కేసు."

"శవం దగ్గర దొరికింది గుడ్డ సార్. ఇక్కడ దొరికింది పీచు. గుడ్డ గుండులాగ దూరం పోదు, పది పదిహేను అడుగుల్లో పడిపోతుంది. దాన్ని కాల్చినవాడు మునిప్రసాద్‌కు దగ్గరగా నిలబడ్డాడు. కుప్పయ్య అక్కడ లేడు."

"గుడ్డ పేలికల సంగతి నీకు బాగానే తెలస్తాదిలే. మీ నాయన కాళహస్తి ఏట్లో గుడ్డలుతికేవాడంట గదా?"

టేపు కొస పట్టుకున్న కానిస్టేబుల్ తల దించుకున్నాడు.

"ఇప్పటికీ ఉతుకుతాడు సార్. కలంకారీ గుడ్డ. నేను ఆ గుడ్డలు ఆరేసే చదువుకున్నా. అందుకే చెప్తున్నా, అది కత్తెరతో కోసింది కాదు, పంటితో తెంపింది. బాగా నలిగిన పాత చీర. అంచు లోపలికి మడిచింది. కుప్పయ్యకు ముందు పళ్ళు లేవు. మీరు చూసుకోవచ్చు."

అమర్‌నాథ్ టేపును టక్కున వదిలాడు. అది లోపలికి చుట్టుకున్న చప్పుడు చేనంతా వినిపించింది. "మూడున్నరకు స్టేషన్‌లో ఉంటా. అప్పుడు కూడా నువ్విట్లే మాట్లాడితే పైకి రాసి పంపతా," అని వెళ్ళిపోయాడు.

మునిప్రసాద్ భార్య రూపశ్రీ మంచె కింద కూర్చుని ఉంది. ఎవరో ఇచ్చిన నీళ్ళ చెంబు చేతిలో అట్లాగే ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ముందు ఆమే మాట్లాడింది.

"నువ్వేనా మోహన మేడం?"

"అవునమ్మా."

"నిన్నంతా నీ ఫోను కోసరం చూసినాడు. పదకొండుకు స్టేషన్‌కు చేసినాడు. నేను పక్కనే ఉండా. 'మేడంతోనే మాట్లాడాల, ఈ పొద్దే మాట్లాడాల, ఒగాయన దుప్పిని కొట్టేది సూసినా, ఆయప్ప దగ్గర ఉండగూడని తుపాకి ఉండాది' అన్నాడు. ఎత్తినాయన రాసుకుంటా అన్నాడంట. సాయంత్రం మంచె ఎక్కేటప్పుడు కూడా ఫోను చొక్కా జేబులో పెట్టుకొని, 'మేడం చేస్తాది, నిద్దర పట్టినా లేస్తా' అన్నాడు."

నేను జేబులోంచి కాగితం తీశాను. పందుల సంగతి. తొందరేమీ లేదు. గుండ్రటి అక్షరాలు. ఎండలో ఆ అక్షరాలు కాగితం మీంచి కొంచెం పైకి లేచి తేలుతున్నట్టు కనిపించాయి. రైటర్ తొందరలో ఏదో రాసి ఉంటాడని నాకు నేనే చెప్పుకున్నాను. పదిహేను నెలలుగా నాతో ఉన్న మనిషి. నాకు జ్వరమొస్తే ఇంటి నుంచి కారం రసం తెచ్చిన మనిషి.

మూడున్నరకు స్టేషన్ వరండాలో కుప్పయ్యకు ఆయన తుపాకి ఇచ్చాను. మందు లేదు, దాన్ని పేల్చే కేపు లేదు. మందుకు బదులు ఇసుక, గుండుకు బదులు చింతగింజ. అమర్‌నాథ్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"తాతా, నీకు ఎంత బిరబిరా వస్తే అంత బిరబిరా దట్టించు. పంది ఎదురుగా ఉందనుకో."

ఆయన లేచి నిలబడ్డాడు. ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు తగ్గినట్టు భుజాలు పైకి వచ్చాయి. కానీ వేళ్ళకు ఆ సంగతి తెలియలేదు. ఇసుక పోసేటప్పుడు చెయ్యి వణికి సగం కింద పడింది. పీచు ఉండ చుడితే రెండుసార్లు విడిపోయింది. కూరే ఇనుప కడ్డీ మూతిలో దూరడానికి నాలుగుసార్లు తప్పింది. ఆయన పెదాలు కదులుతున్నాయి, దేన్నో బతిమాలుతున్నట్టు. దట్టించి, సున్నం చుక్క కోసం రొంటిన వెతుక్కుని, గురి పట్టేసరికి నేను గడియారం ఆపాను.

ఆరు నిమిషాల నలభై సెకన్లు.

"ఇంకోసారి చేస్తా," అన్నాడు ఆయన, సిగ్గుతో. "చేతులు సల్లబడినాయి. ముందు ఇట్ల ఉండేది కాదు."

"చాలు తాతా. రెండు చప్పుళ్ళకు మధ్య మూడు నిమిషాలే. రెండోది నువ్వు కాల్చలేదు. నువ్వు కాల్చింది ఒక్కటే, అది చివరి మామిడి చెట్టులో ఉంది. నేను వేలు పెట్టి చూసినా."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"తప్పిపోయిందా?" అన్నాడు. "నా గుండు? యాభై ఏండ్లలో..." తుపాకి గోడకు ఆనించి నేల మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ముఖం కప్పుకుని, "తప్పింది, సామీ, తప్పింది," అని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నా వైపు చూశాడు. "ఈ మాట ధనంజయకు మాత్రం చెప్పొద్దమ్మా. ఊరంతా చాటతాడు."

అమర్‌నాథ్ లేచాడు. ఆయన గొంతులో పొద్దుటి బిగువు లేదు, కానీ మాట మారలేదు. "ఇదంతా కోర్టులో చెప్పుకో మోహనా. ఒప్పుకున్న ముద్దాయిని నేను వరండా ఆటలు చూసి వదల్లేను. నాలుగున్నరకు హాజరు పెట్టాల. నేను నా బండిలో ముందు పోతా. ముసలాయన్ని మీ జీపులో పంపు. ఎస్కార్టు ఎవరు?"

"నేను పోతా సార్," అన్నాడు హరినాథ్, తలుపు దగ్గర నుంచి.

అమర్‌నాథ్ బండి కదిలింది. మా జీపు బయలుదేరడానికి ఇంకా పది నిమిషాలు ఉన్నాయి. నాకున్నది ఒకే ఒక్క ప్రశ్న. చిన్నబ్బ చనిపోయాడు, మరి ఆయన తుపాకి ఏమైంది?

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. ఎన్నికలయ్యాక ఎవరిది వాళ్ళు తీసుకుపోతారు. రెండేళ్ళ కిందట అప్పగించి, తీసుకుపోయేలోపు చనిపోయినవాడి తుపాకి ఎక్కడికీ పోదు.

"రైటర్‌గారూ, తుపాకుల గది తాళం ఇయ్యండి."

హరినాథ్ ఒక్క క్షణం నన్ను చూశాడు. నడుముకున్న గుత్తిలోంచి తాళం విడదీసి, రెండు చేతులతో ఇచ్చాడు. "జీపు రడీ చేస్తా మేడం," అన్నాడు.

గది స్టేషన్ వెనక ఉంది. కిటికీ లేదు. దీపం వేస్తే పసుప్పచ్చ వెలుతురు, నీళ్ళ అడుగున ఉన్నట్టు. ఎవరూ తీసుకుపోని తుపాకులు పదకొండు, గోడకు వరసగా, మెడలో చీటీలతో. పదింటి మీద వేలు పెడితే గీత పడేంత దుమ్ము. పదకొండోదాని మీద దుమ్ము లేదు. గొట్టానికి కొబ్బరినూనె రాసి ఉంది. మూతి దగ్గర ముక్కు పెట్టాను. పొద్దున కుప్పయ్య నా చేతికిచ్చిన తుపాకికి ఏ వాసన వచ్చిందో అదే, కాలిన మందు వాసన.

చీటీ మీద చిన్నబ్బ పేరు.

కింద బీరువాలో దాని ఫైలు ఉంది. మూడే కాగితాలు. అప్పగింత రసీదు. మరణ ధ్రువీకరణ పత్రం. మూడోది, లైసెన్సును తన పేరుకు మార్చమని వారసుడు పెట్టుకున్న అర్జీ. 'చనిపోయిన వ్యక్తి నాకు మేనమామ. చిన్నతనం నుంచి ఆయన వద్ద ఈ తుపాకి వాడుక నేర్చుకున్నాను.' గుండ్రటి అక్షరాలు. సంతకం దాకా చదవాల్సిన అవసరం లేదు. అయినా చదివాను. హరినాథ్, హెడ్ కానిస్టేబుల్.

అన్నీ ఒక్కసారిగా కాదు, కలలో మెట్లు దిగుతున్నట్టు ఒకటొకటిగా వచ్చాయి. తెల్లవారుజాము బీట్లు. తాళం గుత్తి. చట్టం ఒప్పుకోని దుప్పుల వేట. దాన్ని కళ్ళారా చూసిన మునిప్రసాద్. ఫోను ఎత్తి, తొందరేమీ లేదని రాసిన చెయ్యి. కుప్పయ్య తుపాకి పేలగానే, ముసలాయన ఇంక ఒక వక్కాకు నమిలేంత సేపు కదలడని తెలిసిన మనిషి. తలుపు బయట నిలబడి, బుజ్జిగాడి మాట పూర్తయ్యేదాకా విన్న మనిషి. అందుకే టీ చల్లారింది.

"మేడం."

ఆయన గుమ్మంలో ఉన్నాడు. ఒక చేతిలో టీ గ్లాసు. దాని కింద మడత గుడ్డ. ఈసారి చూశాను. పాత చీర పేలిక. అంచు లోపలికి. మూడు మడతలు. కొసన పంటి గాటు.

"ఇది వేడిగా ఉండాది," అన్నాడు. గ్లాసును గడప లోపల నేల మీద పెట్టాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "మునిప్రసాద్ మంచోడు మేడం. నాకు ఇంకో పన్నెండేండ్లు సర్వీసు ఉండాది. ఇద్దరు పిల్లోళ్ళు. ఆయన్ని అడిగినా, చెప్పొద్దప్పా అని. ఇనలే."

"హరినాథ్‌గారూ, ఇంకేమీ చేయొద్దు. అక్కడే నిలబడండి."

"ఆ ముసలాయన కండ్లు సరిగ్గా లేవు కాబట్టి ఇన్నాళ్ళు నన్ను గుర్తుపట్టలే. మీరు అడిగినారు గదా, ఇంక ఆలోచిస్తా ఉంటాడు. బుజ్జిగాడు ఎవురా అని." ఆయన తలుపు రెక్క పట్టుకున్నాడు, నిద్రపోతున్నవాళ్ళు లేవకుండా మూసినంత మెల్లగా. "అరగంట చాలు మేడం. టీ తాగండి."

నేను ఉరికేసరికి గడియ బయట పడింది.

తలుపు మందం. చేతులు వాచేలా కొట్టాను, అరిచాను. ముందు గదిలో ఉండాల్సిన ఇద్దరూ జాతర పనికి పోయారు, పంపింది నేనే. గోడ అవతల జీపు స్టార్టయింది. కుప్పయ్య గొంతు వినిపించింది, "అమ్మ రాలేదా?" అని. "వెనక వస్తాది తాతా," అంది హరినాథ్ గొంతు. కోర్టుకు పోయే దారి ఘాటు మీదుగా. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, ముప్పై ఐదు నిమిషాలు. ముసలాయనను లోయలోకి తోసి, పారిపోబోయి పడ్డాడని చెప్పడానికి అరగంట చాలు.

అమర్‌నాథ్‌కు ఫోన్ చేశాను. మోగింది, మోగింది, కట్ అయింది. వెంటనే తెర మీద ఒక వాక్యం వచ్చింది. 'తర్వాత ఫోన్ చేస్తాను.'

మళ్ళీ నొక్కాను.

అది మోగుతుండగా, ఈ పేజీ దాకా నాతో వచ్చిన మిమ్మల్ని ఒకటి అడగాలి. ఈ కేసు గురించి ఎవరు మాట్లాడినా హరినాథ్ పేరు చెప్తారు, కుప్పయ్య తాత పేరు చెప్తారు, కొందరు నా పేరు కూడా చెప్తారు. మునిప్రసాద్ పేరు పంచనామా కాగితంలో మిగిలిపోతుంది. అతన్ని గుర్తుపెట్టుకోండి. చెనక్కాయ చేనులో మంచె ఎక్కి, ఫోను చొక్కా జేబులో పెట్టుకుని, నిద్దర పట్టినా లేస్తానని చెప్పి, నేను ఫోన్ చేస్తానని తెల్లవారిందాకా చూశాడు.